శారిపుత్రుడి ప్రయాణం

అమరావతి స్తూపం నుంచి చెన్నై మ్యూజియానికి చేరిన ఒక సున్నపురాతి శిల్పంలో నలగిరి ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకవైపు రాజగృహం వీధిలో మనుషులను ఎత్తి విసురుతుంటుంది. పక్కనే బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లి ఉంటుంది. ద్వేషాన్ని ప్రేమతో గెలవాలనడానికి మనం ఈ కథే చెబుతాం. బుద్ధుడి మీదికి ఆ ఏనుగును ఉసిగొల్పిన ఆయన బంధువు, భిక్షువు దేవదత్తుడి సంగతి అంతగా చెప్పుకోం.

బౌద్ధ సంఘ నియమాల గ్రంథం వినయపిటకంలో ఆ కథ ఉంది. ఇకమీదట దేవదత్తుడి మాటలకూ చేతలకూ సంఘానికి సంబంధం లేదని బుద్ధుడు ఊరంతా చాటించాడు. చాటే పని తన ముఖ్య శిష్యుడు శారిపుత్రుడికి అప్పగించాడు. ఒకప్పుడు దేవదత్తుణ్ణి పొగిడిన నోటితోనే ఆ మాట చెప్పాలంటే శారిపుత్రుడికి కష్టమైంది, అయినా చెప్పాడు. తర్వాత 500 మంది కొత్త భిక్షువులు దేవదత్తుడి వెంట గయాశీర్షం కొండకు వెళ్లిపోయారు. బుద్ధుడు వాళ్లను వదిలేయలేదు. మరో శిష్యుడు మౌద్గల్యాయనుడితో కలిసి మళ్లీ శారిపుత్రుడే వెళ్లాడు. నడుం నొప్పిగా ఉందని దేవదత్తుడు పడుకునేదాకా ఆ సభలో ఓపిగ్గా కూర్చున్నాడు. అప్పుడు ఆ కుర్ర భిక్షువులతో మాట్లాడి వెనక్కి తెచ్చాడు.

తప్పు చేసినవాడితో తెగతెంపులు చేసుకోవాలా, కలిసిపోవాలా అన్నది మన నేల మీద చిన్న విషయం కాదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ అది. బతికినవాళ్లు చీరాల చేరి, ఇక ఆ ఊరికి తిరిగి రామన్నారు. గాయపడినవాళ్లనే వెళ్లి కలిసిపొమ్మనడం ఆధ్యాత్మికత కాదు, అన్యాయం. చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మందిని చంపకముందే దళితులను పొలం పనుల్లోంచి వెలివేశారు. అందుకే వెలి అన్న ఆయుధాన్ని నేను నమ్మను. కూలీ ఆపడం, నీళ్లు ఆపడం ఎవరి విషయంలోనైనా పాపమే.

కానీ మాటతో తెగతెంపులు చేసుకోవచ్చు, చేసుకోవాలి. మిరప యార్డు దగ్గర టీ తాగుతూనో, పెళ్లి బంతిలోనో మనవాడొకడు ఇంకో కులం మీదో మతం మీదో విషం కక్కితే మనం నవ్వేస్తాం, లేదంటే లేచి వెళ్లిపోతాం. వెళ్లిపోతే మన చేతులకు మట్టి అంటదు, నిజమే. అక్కడ వింటున్న కుర్రాళ్లు మాత్రం వాడి దగ్గరే మిగిలిపోతారు. అందరి ముందే 'ఆ మాట తప్పురా' అనాలి. మర్నాడు ఆ కుర్రాళ్ల ఇంటికి వెళ్లి కూర్చోవాలి. అది వాళ్ల బాబాయి పని, మేనమామ పని. చీరాలకు తరలివచ్చినవాళ్ల పని కాదు.