ఆకాశం రంగు మారిందా?



ఆ మధ్య హ్యూస్టన్‌లో మా అబ్బాయి ఇంటికి వెళ్లినప్పుడు, ఒక సాయంత్రం వాడు నన్ను అక్కడి రైస్ విశ్వవిద్యాలయంలోని ఒక వెలుగుల మండపానికి తీసుకొని వెళ్లాడు. క్వేకరు కుటుంబంలో పుట్టిన జేమ్స్ టరెల్ అనే కళాకారుడు రూపొందించగా 2012లో దానిని తెరిచారు. గడ్డి కప్పిన దిబ్బ మీద పలుచని తెల్లని కప్పు, ఒక్కో పక్క 72 అడుగులు. నడుమ 14 అడుగుల చదరపు ఖాళీ. క్రింద కూర్చొని ఆ ఖాళీలోనుండి ఆకాశం చూడాలి. ఆకాశం చూడటానికి ఇంత కట్టడమెందుకని మనసులో సణుక్కున్నాను.

ప్రొద్దు గ్రుంకుతుండగా కప్పు అడుగున దీపాల రంగులు మెల్లగా మారసాగాయి. కప్పు గులాబీ రంగుకు తిరిగితే ఆకాశం ఆకుపచ్చగా కనబడింది. మరికాసేపటికి అక్కడ నల్లని పలక అతికించినట్లయింది. ప్రమాణం చేసి చెప్పమన్నా చెప్పేవాణ్ణి. అనుమానం తీరక లేచి బయటికి వచ్చి చూశాను. చీకటి పడుతున్న మామూలు నీలాకాశమే! మారింది ఆకాశం కాదు, దాని చుట్టూ ఉన్న కప్పు.

ఇది కొత్త సంగతేమీ కాదు. ఫ్రాన్సులోని గోబెలిన్స్ నేతశాలలో నల్లరంగు బాగుండలేదని ఫిర్యాదులు వస్తే, షెవ్రూల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పరీక్షించి, అద్దకంలో లోపం లేదు, ప్రక్కనున్న దారాల రంగే నలుపును వెలవెలబోయేలా చేస్తున్నదని కనిపెట్టాడు. దానిమీద 1839లో పుస్తకమే వ్రాశాడు. నేనూ ట్రైనింగులో నేర్చుకొని, ఒకే బూడిదరంగు కాగితాన్ని తెల్ల అట్ట మీద, నల్ల అట్ట మీద అంటించి పిల్లలకు చూపించినవాడినే.

అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చాలా ఏళ్ల క్రిందట మా సంఘములో కోశాధికారిగా ఉన్న ఒక సహోదరుని మీద, మందిరపు కప్పు కోసం ఎత్తిన చందా వాడుకున్నాడని మాట పుట్టింది. ఆ మాట పుట్టిన తరువాత ఆయన ఏమి చేసినా మాకు దొంగతనముగానే కనబడింది. మాట్లాడితే బుకాయింపు, మాట్లాడకపోతే నేరం ఒప్పుకోవడం. కూతురికి చెవికమ్మలు కొంటే అదిగో సాక్ష్యం! ఆయనను ప్రభు బల్లకు దూరంగా ఉంచుటకు చేతులెత్తిన పెద్దలలో నేనొకణ్ణి. ఏడాది తరువాత సిమెంటు కొట్టు రసీదులు బయటపడ్డాయి. లెక్క పైసాతో సహా సరిపోయింది. అప్పటికే ఆయన కుటుంబంతో ఊరు విడిచి వెళ్లాడు.

కన్ను మోసపోవడం పాపమా? సమూయేలంతటివాడు ఏలీయాబును చూచి పొరబడ్డాడు కదా అని నన్ను నేను సమర్థించుకోబోయాను. కాని ఆ మండపంలో నేను లేచి బయటికి వెళ్లాను. ఇక్కడ వెళ్లలేదు. ముందు ఒంటరిగా వెళ్లి సహోదరునితో మాట్లాడమని మత్తయి 18వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన పని, నాలుగు వీధులు దాటితే అయ్యేది. సంఘములో క్రమశిక్షణ వద్దని నేననను. ఆ నాలుగు వీధులు నడవనివానికి చెయ్యెత్తే హక్కు ఎక్కడిది?

రసీదులు దొరికాక సంఘం తీర్మానం రద్దు చేసి పుస్తకంలో వ్రాసింది. ఆయనకు ఎవరూ చెప్పలేదు. అడ్రసు మొన్ననే సంపాదించాను. వచ్చే శుక్రవారం రైలుకు టిక్కెట్టు తీసుకున్నాను. తలుపు తీస్తాడో లేదో.