గాజుగోడల మధ్య విషం

ఇళ్లలో సముద్రపు చేపల్ని పెంచుకునేవాళ్ల మధ్య ఒక తీర్పు చాలాకాలంగా చెల్లుబాటవుతోంది. పెట్టెచేప హంతకి. దాన్ని నమ్మకూడదు. ఏదో ఒకరాత్రి తొట్టెలోని తోటిచేపలన్నిటికీ విషం పెట్టి చంపుతుంది, తానూ చస్తుంది. ఈ తీర్పు చెప్పినవాళ్లు దయలేని మనుషులేమీ కారు. చేపకోసం వేలకు వేలు ఖర్చుపెట్టి, అర్ధరాత్రి లేచి నీళ్లు పరీక్షించుకునేవాళ్లే ఈ మాట అంటున్నారు. అయినా తీర్పు నాకు సరయినదిగా తోచలేదు. చేపలంటే ఆసక్తి లేని పాఠకులు కూడా కొంచెం ఓపికపట్టాలని మనవి. నేను విచారించదలచింది నేరానికీ, నేరం జరిగిన చోటుకూ వున్న సంబంధాన్ని.

ముందు ఆ ప్రాణి సంగతి. ఇంగ్లీషులో బాక్స్ ఫిష్ అంటారు. నేను పెట్టెచేప అంటున్నాను. ఎర్రసముద్రం మొదలుకొని పసిఫిక్ దీవుల దాకా పగడపు దిబ్బల మధ్య బతుకుతుంది. మన హిందూ మహాసముద్రంలోనూ వుంది. ఆరుపలకల ఎముకబిళ్లలు ఒకదానితో ఒకటి అతుక్కుపోయి దాని వొంటిచుట్టూ గట్టి పెట్టె తయారవుతుంది. నోరూ, కళ్లూ, రెక్కలూ, తోకా మాత్రం అందులోంచి బయటికి వస్తాయి. ఒళ్లు వంచలేదు గనుక తక్కిన చేపల్లాగా దూసుకుపోలేదు. చిన్న రెక్కలు ఆడించుకుంటూ నెమ్మదిగా కదులుతుంది. పసుపుపచ్చ పెట్టెచేప పిల్లగా వున్నప్పుడు బఠాణీగింజంత వుంటుంది. పచ్చటి వొంటిమీద నల్లచుక్కలతో అచ్చం పాచికలాగే వుంటుంది. అంగడిలో దాన్ని చూసి ముచ్చటపడని మనిషి వుండడు. అదే చేప పెరిగితే 45 సెంటీమీటర్ల దాకా వస్తుంది, ఆ పచ్చదనమూ మాసిపోతుంది. ఈ రెండో సంగతి అంగడివాడు సాధారణంగా చెప్పడు.

దీనికి విషపుముల్లు లేదు, పరుగు లేదు. శత్రువునుంచి వున్న రక్షణ రెండే: వొంటిమీది పెట్టె, చర్మం మీది జిగురు. భయపడినప్పుడు, దెబ్బతిన్నప్పుడు ఆ జిగురుతోపాటు విషం నీళ్లలోకి వదులుతుంది. హవాయిలోని చుక్కల పెట్టెచేపను పరిశీలించి థామ్సన్ అనే శాస్త్రజ్ఞుడు 1964లో ఈ విషయం ప్రకటించాడు. 1967లో బాయిలన్, షూయర్ అనే ఇద్దరు ఆ విషాన్ని విడదీసి, దాని రసాయన నిర్మాణం తేల్చారు. హవాయి భాషలో ఆ చేపను 'పహు' అంటారు, పెట్టె అని అర్థం. దాన్నిబట్టి పహుటాక్సిన్ అని పేరుపెట్టారు. స్వభావంలో ఇది సబ్బుకు దగ్గిర బంధువు. రక్తకణాల్ని పగలగొడుతుంది. కొద్ది నీళ్లలో అయితే, వదిలిన చేప ప్రాణమే తీయగలదు.

సముద్రంలో ఈ విషానికి పట్టే గతి ఏమిటి? కొరకవచ్చినవాడు వెనుదిరుగుతాడు, మిగిలినది కెరటం ఎత్తుకుపోతుంది. అక్కడ ఆ భయానికి చోటుంది. గాజుతొట్టెలోనో, వున్నవి నాలుగు వందల లీటర్ల నీళ్లు. పంపు వాటినే తిప్పి తిప్పి మళ్లీ ఆ చేప ముఖానికే కొడుతుంది. చేప చేసిన పని రెండుచోట్లా ఒకటే. ఒకచోట దాన్ని ఆత్మరక్షణ అంటున్నాం, మరొకచోట హత్య అంటున్నాం.

హైదరాబాదులో నా చిన్ననాటి మిత్రుడొకడు ఈ చేపను పెంచాడు. సముద్రంలేని వూళ్లో సముద్రం తయారుచేయడం ఎంత శ్రమో వాడి ఇంట్లో చూశాను. లీటరుకు 35 గ్రాముల చొప్పున ప్రత్యేకమైన వుప్పు కలపాలి. నీళ్లు ఆవిరయినకొద్దీ వుప్పు చిక్కబడుతుంది గనుక రోజూ మంచినీళ్లు పోయాలి. కరెంటు పోతే పంపు ఆగుతుంది, చేపకు వూపిరాడదు. వీటన్నిటినీ వాడు పూజలాగా చేసేవాడు. చేప కూడా వాణ్ణి గుర్తుపట్టేది; గదిలోకి రాగానే అద్దం దగ్గిరికి వచ్చి నిలబడేది. కాకపోతే అదే తొట్టెలో ట్రిగ్గర్ ఫిష్ అనే కరిచే చేప వుంది. అది ఒక సాయంత్రం పెట్టెచేప తోక కొరకడం మొదలుపెట్టింది. తెల్లవారేసరికి తొట్టెలో ప్రాణమున్నది ఒక్కటీ మిగల్లేదు.

"ఎంత ముద్దుగా పెంచానురా! చివరికి ఇంతపని చేసింది," అన్నాడు.

"ముందు కొరికింది ఎవరు?"

"కొరికితే మాత్రం, అందర్నీ చంపాలా?"

"మరి ఎక్కడికి పారిపోవాలిరా?"

అప్పటికి వూరుకున్నాడు గాని, మర్నాడు ఫోన్ చేసి మంచివాదనే తెచ్చాడు. విషం తాను పెట్టింది కాదట, నీళ్లగుణం తాను చేసింది కాదట. చేపను చంపాలన్న వుద్దేశం తనకు కలలోకూడా లేదు. వుద్దేశం లేనిచోట నేరమెలా వస్తుంది?

ఈ వాదన తేలికగా తీసిపారేయదగింది కాదు. వుద్దేశాన్నిబట్టి నేరాన్ని తూచడం నాగరికత సాధించిన విజయాల్లో ఒకటి. అయితే వుద్దేశం దగ్గిరే ఆగిపోతే చాలామంది పెద్దమనుషులు తప్పించుకుపోతారు. 1997లో ఢిల్లీలో వుపహార్ సినిమాహాలు కాలినప్పుడు 59 మంది వూపిరాడక చనిపోయారు. ఎక్కువ టిక్కెట్లు అమ్ముకోవడానికి అదనపు కుర్చీలు వేసి బాల్కనీలో బయటికిపోయే దారి మూసేశారని తేలింది. ప్రేక్షకుల్ని చంపాలని యజమానులు అనుకోలేదు. అయినా న్యాయస్థానాలు వాళ్లను దోషులన్నాయి. తలుపు మూసినవాడు, లోపలివాళ్లకు భయం కలిగితే ఏమవుతుందో ముందుగా ఆలోచించి తీరాలి. మురికివాడలో జబ్బు పుడితే అక్కడి మనుషులకు శుభ్రం తెలియదని చెప్పే మేడలవాళ్లదీ, పెట్టెచేపను హంతకి అనేవాళ్లదీ ఒకటే తర్కం. చోటు కుదించినవాణ్ణి వదిలేసి, కుదించిన చోట్లో గిలగిలలాడిన ప్రాణిని బోనెక్కిస్తున్నారు.

పైగా 1964 తర్వాత ఇది తెలియని సంగతి కూడా కాదు. సముద్రపు చేపల పెంపకం మీద రాసిన పుస్తకాల్లో ఈ హెచ్చరిక కనిపిస్తూనే వుంటుంది. అయితే ఆ హెచ్చరిక చెప్పే తీరు చూడండి: ఈ చేపవల్ల మీ తొట్టెకు ప్రమాదం, అంటారు. తొట్టెవల్ల చేపకు ప్రమాదమని చెప్పేవాళ్లు తక్కువ.

ఇంతకూ ప్రతి పెట్టెచేపా ఇలా చేస్తుందనుకోకూడదు. నెమ్మదైన సావాసం, పెద్ద తొట్టె, కొంచెం కొంచెంగా పలుమార్లు తిండి అమర్చినచోట ఏళ్లతరబడి విషం వూసే లేకుండా బతికినవి వున్నాయి. అలా పెంచేవాడు నా మిత్రుడికన్నా మెరుగైనవాడే, సందేహం లేదు. వాడిమీద కూడా నాకు ఫిర్యాదుందా? ఉంది. అది తొట్టెతో మొదలుకాదు, అంగడితో మొదలవుతుంది.

మంచినీటి అలంకారపు చేపల్లో చాలాభాగం మనిషి పెంపకంలో పుట్టినవే. సముద్రపు చేపల్లో చాలాభాగం ఇప్పటికీ సముద్రంలోంచి పట్టితెచ్చినవి. పెట్టెచేప ఆ కోవలోది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థకు చెందిన కేంద్రం 2003లో ప్రకటించిన నివేదిక ప్రకారం, ఏటా రెండు కోట్లకు పైగా సముద్రపు చేపలు, 1,471 జాతులవి, ఈ వ్యాపారంలో చేతులు మారుతున్నాయి. ఫిలిప్పీన్స్‌లో 1960 తర్వాత పగడపు సందుల్లోకి సైనైడు నీళ్లు చిమ్మి, మత్తెక్కిన చేపల్ని ఏరుకునే పద్ధతి వచ్చింది. విషంతో చేపలు పట్టడాన్ని 1975లో చట్టం నిషేధించినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు. నీళ్లలో మునిగి ఆ పనిచేసే మనిషిని తిట్టడం నాకిష్టం లేదు. వాడికి చేపకు దక్కే కూలిడబ్బులకూ, చివరి అంగట్లో దాని ధరకూ మధ్య ఎంతమంది దళారులున్నారో ఆలోచిస్తే, విషం ఎవరి చేతిలో వున్నా దాన్ని చేతికిచ్చింది ఆకలి అని తెలుస్తుంది. కోటగోడలాంటి అద్దం వెనక ఒక్క చేప విషం వదిలితే గగ్గోలుపెట్టేవాళ్లకు, ఆ చేప ఇంటికి వచ్చిన దారిలో ఎంత విషం పారిందో పట్టదు.

ఈ ముచ్చట పుట్టుకలోనే ఇంకొకరి శ్రమ దాగివుంది. 1846లో అన్నా థిన్ అనే ఇంగ్లీషు దొరసాని సముద్రతీరంనుంచి పగడపు జీవాల్ని లండను తీసుకొచ్చి బతికించింది. అప్పటికి పంపుల్లేవు. నీళ్లలోకి గాలి కలవాలంటే తెరిచిన కిటికీ దగ్గిర నిలబడి ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోస్తూ వుండాలి. ఆ పని చేసింది ఆ ఇంటి పనిపిల్ల. చరిత్రలో దొరసాని పేరు మిగిలింది. తర్వాత ఫిలిప్ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1854లో రాసిన పుస్తకం ఇంగ్లండులో ఇంటింటా తొట్టెలు పెట్టించింది. దేవుడి సృష్టిని జనం కళ్లారా చూడాలన్న సదుద్దేశమే ఆయనది. ఆ పిచ్చి ముదిరి, తీరపు రాళ్లగుంటల్లో వున్న అందమైన జీవాలన్నిటినీ జనం ఏరుకుపోయారని, అది చూసి తండ్రి ఎంతో నొచ్చుకున్నాడని ఆయన కొడుకు ఎడ్మండ్ గాస్ 1907లో రాశాడు. ద్వేషంతో ఎవరూ ఆ గుంటల్ని ఖాళీ చేయలేదు. ప్రేమించినవాళ్లే చేశారు.

చేపలపులుసు తినే నువ్వా ఈ మాటలు చెప్పేది, అని పాఠకులు అడగవచ్చు. తింటాను. మన తీరంలో ట్రాలు వలల్లోపడి, తిండికి పనికిరాక, ఎండి పొడి అయిపోయే చేపల లెక్కముందు ఇళ్లలోని పెట్టెచేపల లెక్క ఏపాటిదని కూడా అడగవచ్చు. లెక్కకు లెక్కే జవాబు అయితే నేను ఓడిపోయినట్టే. కాని తినేవాడు చేపను ప్రేమించానని చెప్పడు. ఆకలి తన పేరు తాను చెప్పుకుంటుంది. పెంచేవాడు ప్రేమ అనే పెద్దమాట వాడుతున్నాడు గనుక, ఆ మాటకు తగ్గ లెక్క ఆయన్ని అడుగుతున్నాను. ప్రేమించిన ప్రాణికి భయం వేస్తే పోవడానికి చోటు మిగిల్చావా అన్నదే ఆ లెక్క.

మెచ్చుకోవడంలో కూడా మనిషి ఇలాగే ప్రవర్తిస్తాడు. మెర్సిడెస్ బెంజ్ కంపెనీ 2005లో ఈ చేప ఆకారాన్ని అనుకరించి ఒక నమూనా కారు తయారుచేసింది. నీటిని కోసుకుపోయే ఆకారమని, తొణక్కుండా నిలుస్తుందని పొగిడారు. ఆ రెండు గొప్పలూ నిలవవని 2015లో మరికొందరు శాస్త్రజ్ఞులు తేల్చారు. నిలకడ తక్కువ కావడంవల్లనే అది పగడపు సందుల్లో చులాగ్గా మలుపు తిరగగలుగుతోందట. చేపకు కావలసింది మలుపు, మనం చూసింది వేగం.

ఇప్పటికే ఇంట్లో వున్నదాని సంగతి ఏమిటి? భీమిలి దగ్గిరో, మరోచోటో సముద్రంలో వదిలేస్తే పుణ్యమనుకునేవాళ్లున్నారు. అది మంచిపని కాదు. అట్లాంటిక్‌లో లేని లయన్ ఫిష్ 1985లో ఫ్లారిడా దగ్గిర కనిపించింది. ఇళ్లతొట్టెల్లోంచి వదిలినవే దానికి మూలమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఈనాడు కరీబియన్ సముద్రమంతా వ్యాపించి అక్కడి చిన్నచేపల్ని స్వాహా చేస్తోంది. తెచ్చుకున్నదాన్ని చివరిదాకా సాకవలసిందే. కరిచేదాన్ని పక్కన పెట్టకూడదు, వలతో తరమకూడదు, చీకట్లో హఠాత్తుగా దీపం వేసి బెదరగొట్టకూడదు, పెరిగినకొద్దీ చోటు పెంచాలి. అది పోయాక రెండోదాన్ని తేకూడదు. మిగతావాటన్నిటికీ నా మిత్రుడు ఒప్పుకున్నాడు. ఈ చివరిమాట దగ్గిర మాత్రం ఇంకా తగవు పెట్టుకుంటూనే వున్నాడు.