తనకు తెలియని రెండు నిమిషాలు

అంతకుముందు ఎన్నడూ ఫిట్స్ రాని మనిషికి మొదటిసారి రావడాన్ని తొలి మూర్ఛ అంటారు. మెదడులోని నాడీకణాలు మామూలుగా వేటి పనికి తగ్గట్టు అవి, వేరువేరు క్షణాల్లో విద్యుత్ సంకేతాలు పంపుకుంటాయి. ఒక్కోసారి ఒక గుంపు కణాలు కట్టుతప్పి, అన్నీ ఒకేసారి, అతిగా స్పందిస్తాయి. ఆ అలజడి ఒక మూలకే పరిమితమైతే చెయ్యి అదరడం, లేని వాసన తగలడం, పిలిచినా పలకకుండా కాసేపు అలాగే చూస్తూ ఉండిపోవడం కనిపిస్తాయి. మెదడు రెండు వైపులా వ్యాపిస్తే మనిషి కేకపెట్టి పడిపోతాడు. ఒళ్లు కొయ్యబారుతుంది, తర్వాత కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి, పళ్లు గిట్టకరుచుకుపోతాయి, నోట నురగ వస్తుంది. చాలామటుకు రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో, జీవితకాలంలో ఒక్కసారైనా ఇలా మూర్ఛ వచ్చేవాళ్లు జనాభాలో 10 శాతం దాకా ఉంటారు. వాళ్లందరూ మూర్ఛరోగులు కారు.

మూర్ఛ ఆగాక మొదలయ్యే ప్రశ్నల్లో కొన్ని వైద్యానివి, కొన్ని తత్త్వానివి. రెండింటినీ విడదీయడం కష్టం కనుక ఇక్కడ వాటిని ఇద్దరి సంవాదంగా పరిశీలిద్దాం. ఒకరు ఇంటర్మీడియట్ పిల్లలకు లాజిక్ చెప్పే మాస్టారు. నలభై అయిదు దాటాక తొలి మూర్ఛ వచ్చింది. రెండోవారు ఆయన్ను చూస్తున్న న్యూరాలజిస్టు, ఆయనకన్నా వయసులో చిన్న.

“అందరూ నాకు ఫిట్స్ వచ్చిందంటున్నారమ్మా. నాకు తెలిసిందల్లా పొద్దున పొయ్యి మీద పాలు పెట్టడం, ఆ వెంటనే ఆంబులెన్సులో ఎవరో నా పేరు అడగడం. ఆ రెంటి మధ్యా నాకు చీకటి కూడా లేదు. నా అనుభవంలోకే రానిది నాకు జరిగిందని ఎలా ఒప్పుకోను?”

“తర్కంలో ఎన్ని ప్రమాణాలు చెబుతారు మాస్టారూ?”

“నైయాయికులకు నాలుగు. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం.”

“ప్రత్యక్షం మీకు లేదు. అనుమానానికి కావలసినవన్నీ మీ ఒంటిమీదే ఉన్నాయి. నాలుక పక్కభాగం తెగింది, బట్టలు తడిశాయి, ఒళ్లంతా హూనమైంది. శబ్దప్రమాణం బయట బెంచీ మీద కూర్చుని ఉంది, మీ ఆవిడగారు.”

“ఆవిడ హడలిపోయి ఉంది. హడలిపోయిన మనిషి మాట ఎంతవరకు ప్రమాణం?”

“కొంతవరకే. పావుగంట కొట్టుకున్నారని చెప్పారు. అది రెండు నిమిషాలై ఉంటుంది. కానీ మీ కళ్లు తెరుచుకునే ఉన్నాయని, పెదాలు నీలమయ్యాయని, కదలికలు ఆగాక అరగంట దాకా ఆవిడనే గుర్తుపట్టలేదని చెప్పారు. ఆ మూడు మాటలు నాకు స్కానింగ్ కన్నా ఎక్కువ చెప్పాయి.”

డాక్టరు మాటలో అతిశయోక్తి లేదు. తొలి మూర్ఛ నిర్ధారణకు ఇప్పటికీ మొదటి ఆధారం చూసినవాళ్లు చెప్పే వృత్తాంతమే. రక్తపోటు తగ్గి స్పృహతప్పినవాళ్లకు కూడా కొన్ని సెకన్లు చేతులు అదురుతాయి. అది చూసి ఫిట్స్ అని పొరబడేవాళ్లు ఎక్కువ. స్పృహతప్పే మనిషి సాధారణంగా నిలబడి ఉండగా, ముందు కళ్లు తిరిగి, చెమటపట్టి, ముఖం పాలిపోయి పడతాడు. పడుకోబెట్టగానే తేరుకుని మాట్లాడతాడు. మూర్ఛ వచ్చిన మనిషి తేరుకోవడానికి సమయం పడుతుంది. ఈ తేడా ఏ యంత్రమూ తర్వాత చూపించలేదు. అందుకే, పక్కన ఇంకొకరు ఉండి మనిషికి సాయపడుతున్నప్పుడు, ఫోనులో వీడియో తీయడం తప్పు కాదు, గొప్ప మేలు.

“ఈఈజీ ఉందిగా. అది ప్రత్యక్షమే కదా?” అని మాస్టారి ఆక్షేపణ.

“అరగంట తీసిన ఈఈజీ ఆ అరగంటకే సాక్షి. తేడా కనిపిస్తే చాలా ఉపయోగం. కనిపించకపోతే మూర్ఛ రాలేదని కాదు.”

మనిషి తలమీద నుంచి మెదడు విద్యుత్తును ఈఈజీగా మొదట నమోదు చేసినవాడు జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్. 1924లో చేసిన ఆ పనిని 1929లో ప్రచురించాడు. అంతకు అర్ధశతాబ్దం ముందే, ఏ యంత్రమూ లేకుండా, రోగులను చూసి, వాళ్ల ఇంటివాళ్లు చెప్పింది విని, మూర్ఛ అంటే మెదడు బూడిదరంగు పదార్థంలో హఠాత్తుగా పుట్టే అతి విసర్జన అని లండన్ వైద్యుడు హ్యూలింగ్స్ జాక్సన్ తేల్చాడు. సాక్ష్యాన్ని శ్రద్ధగా వినడం ఎంతదూరం తీసుకుపోగలదో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

మాస్టారి రెండో ప్రశ్న మొదటిదానికన్నా లోతైనది. “ఆ రెండు నిమిషాలు నేను ఎక్కడున్నాను?”

“దానికి నా దగ్గర జవాబు లేదు. మీ శాస్త్రాల్లో ఉందేమో.”

శాస్త్రాల్లో ఆ ప్రశ్న ఉంది. నిద్రలేచినవాడు హాయిగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు అంటాడు. ఆ తెలియకపోవడాన్ని కూడా చూసిన సాక్షి లోపల ఉన్నాడని అద్వైతుల వాదం. అది జ్ఞాపకం కాదు, లేచాక చేసుకునే అనుమానం మాత్రమేనని నైయాయికుల వాదం. మరి మూర్ఛ? బ్రహ్మసూత్రాల్లో మూడో అధ్యాయం రెండో పాదంలో దానికోసమే ఒక సూత్రం ఉంది. మెలకువ, కల, గాఢనిద్ర, మరణం అనే నాలుగింట్లో ఏదీ కాదు కనుక మిగిలిన పక్షంగా దాన్ని సగం ప్రాప్తి, అంటే సగమే గాఢనిద్రలాంటిది, అన్నారు. అక్కడ శంకరుల భాష్యం చెప్పే తేడాలు ఈనాటి వైద్యుణ్ణి కూడా ఆపి చదివిస్తాయి. నిద్రపోయేవాడి ముఖం ప్రశాంతంగా ఉంటుంది, ఊపిరి సమంగా ఆడుతుంది, కళ్లు మూసి ఉంటాయి. మూర్ఛపోయినవాడు చాలాసేపు ఊపిరి తీయకపోవచ్చు, ఒళ్లు వణుకుతుంది, ముఖం భయంకరంగా మారుతుంది, కళ్లు విప్పారి ఉంటాయి. నిద్రపోయేవాణ్ణి చేత్తో తట్టి లేపవచ్చు, ఇతన్ని కర్రతో కొట్టినా లేపలేం.

ఇదంతా మాస్టారు చెబితే డాక్టరుకు ఆశ్చర్యం కలగడం సహజం. “కళ్లు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా అని మేము ఇప్పటికీ అడుగుతాం. మానసిక కారణంతో వచ్చే, మూర్ఛలా కనిపించే స్థితుల్లో కళ్లు గట్టిగా మూసుకుని ఉండటం ఎక్కువ. అసలు మూర్ఛలో సాధారణంగా తెరిచే ఉంటాయి.”

“శంకరులకైనా ఆ వర్ణన బయటినుంచి చూసినవాడిదే కదమ్మా. లోపలి కబురు ఆయనా చెప్పలేదు.”

“అందుకే, లోపల ఏమైందో గుర్తు లేదని మిమ్మల్ని మీరు వేధించుకోకండి. ఆ సమయంలో మెదడు జ్ఞాపకం రాసుకునే స్థితిలో లేదు. రాయనిదాన్ని వెతికితే దొరకదు.”

ఇక కారణం. వైద్యులు ముందు చూసేది అప్పటికప్పుడు రెచ్చగొట్టినది ఏదైనా ఉందా అని. రక్తంలో షుగరు గానీ సోడియం గానీ బాగా పడిపోవడం, మెదడువాపు, తలకు గట్టిదెబ్బ, రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి మద్యం మానేయడం, గర్భిణులకు బీపీ పెరిగి వచ్చే గుర్రపువాతం ఈ కోవలోవి. ఆ కారణాన్ని సరిచేస్తే సాధారణంగా దీర్ఘకాలం మందులు అవసరం ఉండదు. భారతదేశంలో ఇంకొక కారణాన్ని తప్పక వెతకాలి. అది బద్దెపురుగు. దాని గుడ్లు కడుపులోకి పోతే, లార్వాలు మెదడుకు చేరి తిత్తులు కడతాయి. స్కానులో కనిపించే ఒంటరి చిన్న మచ్చను ఒకప్పుడు ఇక్కడ క్షయగడ్డ అనుకుని నెలల తరబడి టీబీ మందులు ఇచ్చేవాళ్లు. 1980ల చివర్లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు అటువంటి మచ్చల్లో చాలా వాటికి ఈ పురుగే కారణమని నిరూపించారు.

“నేను మాంసమే ముట్టను. నాకెలా వస్తుంది?”

“సరిగా ఉడకని పందిమాంసం తింటే పేగుల్లో పురుగు పెరుగుతుంది. మెదడుకు చేరేది మాత్రం గుడ్లవల్ల. ఆ గుడ్లు పురుగున్న మనిషి మలంలోంచి నీళ్లకు, పచ్చికూరలకు, కడుక్కోని చేతులకు అంటుతాయి. శాకాహారికీ రావచ్చు. మీ ఎమ్మారైలో మాత్రం ఏ మచ్చా లేదు.”

దక్షిణ భారతంలో, ముఖ్యంగా కర్ణాటకలో, తలమీద వేడినీళ్లు గబగబా పోసుకున్నప్పుడు మాత్రమే వచ్చే మూర్ఛ ఒకటుంది. బెంగళూరు నిమ్హాన్స్ దాన్ని విస్తృతంగా అధ్యయనం చేసింది. నీళ్ల వేడి తగ్గించడమే అందులో మొదటి వైద్యం.

మాస్టారి విషయంలో రక్తపరీక్షలు, ఎమ్మారై, ఈఈజీ అన్నీ మామూలుగా ఉన్నాయని అనుకుందాం. అలాంటి మనిషికి మూర్ఛరోగం ఉన్నట్టా? అంతర్జాతీయ మూర్ఛవ్యాధి వ్యతిరేక సంఘం 2014లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, తక్షణ కారణం లేని మూర్ఛ 24 గంటల పైచిలుకు ఎడంతో రెండుసార్లు రావాలి. లేదా ఒకసారే వచ్చినా, వచ్చే పదేళ్లలో మళ్లీ వచ్చే అవకాశం 60 శాతమో అంతకుమించో ఉండాలి. మూర్ఛ సిండ్రోమ్‌గా గుర్తించిన స్థితి ఉన్నా చాలు. మాస్టారు ఈ గీతకు ఇవతలే ఉన్నారు.

“మరి మళ్లీ వస్తుందా?”

“తొలి మూర్ఛ తర్వాత రెండేళ్లలో మళ్లీ వచ్చేవాళ్లు నూటికి 21 నుంచి 45 మంది. మొదటి ఏడాదిలోనే ఎక్కువ. మీ పరీక్షలు బాగున్నాయి కనుక మీరు తక్కువ వైపు ఉంటారు.”

“నూరుమందికి చెప్పిన లెక్క నా ఒక్కడికి ఎలా వర్తిస్తుంది? నాకు వస్తే నూటికి నూరు, రాకపోతే సున్నా.”

“రేపటి సంగతి రేపే తేలుతుంది, నిజమే. ఈ లెక్క రేపటిని చెప్పదు, ఇవాళ ఏం చెయ్యాలో చెబుతుంది. ఇప్పుడే మాత్రలు మొదలుపెడితే రెండేళ్ల లోపల వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. కానీ ఆ తర్వాతి ఏళ్లలో, మూర్ఛ లేకుండా స్థిరపడటం విషయంలో, ఇప్పుడు మొదలుపెట్టినవాళ్లకూ రెండోసారి వచ్చాక మొదలుపెట్టినవాళ్లకూ పెద్ద తేడా కనిపించలేదు. మాత్రలకూ మగత, చిరాకు వంటి ఇబ్బందులున్నాయి. మీరు నిచ్చెనలెక్కి పనిచేసేవారైతే ఒక మాట, క్లాసులో పాఠం చెప్పేవారైతే ఒక మాట.”

ఈ నిర్ణయంలో రోగి ఇష్టానికి అసలైన బరువు ఉంది. రెండు దారులూ శాస్త్రసమ్మతాలే అయినప్పుడు ఎవరి జీవితం ఎలాంటిదో ఆ మనిషే చెప్పాలి. వైద్యుడు తొందరలో చీటీ రాసి పంపేస్తే ఆ బరువు ఎవరూ మోయనట్టవుతుంది.

మూర్ఛ తర్వాతి వారాల్లో మనుషులు ఎక్కువగా చెప్పేది నొప్పి గురించి కాదు. ఒంటరిగా ఉండాలంటే భయం, రోడ్డు దాటాలంటే భయం, చిన్న తలతిరుగుడుకే గుండె ఆగినంత పని. ఒళ్లు తన మాట వింటుందన్న నమ్మకం మీదే దెబ్బ పడింది కనుక ఆ భయం పిరికితనం కాదు. నమ్మకం తిరిగి కుదురుకునేదాకా కొన్ని జాగ్రత్తలు కావాలి. కంటినిండా నిద్ర. స్నానాలగది తలుపు గడియ పెట్టుకోకపోవడం. చెరువులో, బావిలో ఒంటరిగా ఈతకు దిగకపోవడం. బండి నడపకపోవడం. లైసెన్సు దరఖాస్తుతో ఇచ్చే ఫారం 1లో మూర్ఛ గురించి, హఠాత్తుగా స్పృహ తప్పడం గురించి ప్రశ్న ఉంటుంది, నిజం రాయాలి. బ్రిటన్‌లో ఉన్న తెలుగువారికైతే తొలి మూర్ఛ తర్వాత కనీసం ఆరు నెలలు కారు నడపకూడదన్న నియమం ఉంది.

మాస్టారి చివరి సందేహం మిగతావాటికన్నా మెల్లగా బయటికి వచ్చింది. “ఈ సంగతి బయటికి పొక్కకపోతే మంచిదేమో. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం.”

“తండ్రికి నడివయసులో ఒకసారి మూర్ఛ వచ్చినంత మాత్రాన పిల్లలకు వస్తుందనుకోనక్కర్లేదు. అది అటుంచండి. మీకు జరిగింది మీకు తెలిసింది ఎవరివల్ల?”

“మా ఆవిడవల్ల.”

“దాచడమంటే ఆ సాక్షిని పోగొట్టుకోవడం. రేపు స్టాఫ్‌రూములో వస్తే, అక్కడున్నవాళ్లకు ముందే తెలిస్తే మిమ్మల్ని పక్కకు ఒత్తిగిలిస్తారు, తలకింద మెత్తగా ఏదైనా పెడతారు, గడియారం చూస్తారు. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తెస్తారు. తెలియకపోతే చేతిలో తాళాలు పెడతారు, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెడతారు, పళ్ల మధ్య చెంచా దూరుస్తారు. తాళాలవల్ల ఆగదు, ఎలాగూ ఆగేదే ఆగుతుంది. చెంచావల్ల మాత్రం పళ్లు విరుగుతాయి.”

దాపరికం ఖరీదు ఆడపిల్లల విషయంలో ఇంకా ఎక్కువ. అత్తవారింట్లో తెలుస్తుందన్న భయంతో పెళ్లి రోజుల్లో మాత్రలు మానేసి, నిద్రలేమి కూడా తోడై, ఆ రోజుల్లోనే మూర్ఛ తెచ్చుకున్నవాళ్లున్నారు. ఒకప్పుడు చట్టం కూడా ఈ భయానికి ఊతమిచ్చింది. 1955 హిందూ వివాహ చట్టానికి 1976లో చేసిన సవరణ, పదేపదే మూర్ఛ రావడాన్ని వివాహానికి అనర్హతగా చేర్చింది. 1999 సవరణ ఆ మాటను తొలగించింది. పెళ్లిచూపుల్లో అది ఇంకా పూర్తిగా తొలగలేదన్నది బాధాకరమైన నిజం. అయినా పెళ్లికి ముందే చెప్పడం మేలు. పెళ్లయ్యాక దొరికిపోయిన దాపరికం జబ్బుకన్నా పెద్ద తగువవుతుంది.

“సరేనమ్మా. స్టాఫ్‌రూములో నేనే చెబుతాను. ఒకవేళ మళ్లీ వస్తే?”

“అప్పుడు మాత్రలు మొదలుపెడదాం. సరైన మందులు దొరికితే మూర్ఛరోగుల్లో నూటికి 70 మంది దాకా మూర్ఛ లేకుండా బతకగలరు. రెండేళ్లో అంతకుమించో రాకుండా ఉంటే, మందు మెల్లగా తగ్గించడం గురించి మాట్లాడుకోవచ్చు. మీ అంతట మీరు ఒక్కరోజున ఆపకూడదు. పదేళ్లు మూర్ఛ లేకుండా ఉండి, అందులో చివరి అయిదేళ్లు మందులు కూడా లేకుండా గడిస్తే, ఆ రోగం తొలగిపోయినట్టే లెక్క వేస్తాం.”

“తొలగిపోయినట్టు అంటే, ఇక రాదని చెప్పినట్టా?”

“కాదు మాస్టారూ. ఇక మీ పేరు పక్కన ఆ రోగం పేరు రాయక్కర్లేదని చెప్పినట్టు.”