వెట్టి లేని చాకిరి

నిజాం కాలంలో మా జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో అట్టడుగు కులాల వాళ్లకు పని ఒప్పుకోవడం, కాదనడం అనే మాటే లేదు. ఊళ్లోకి సర్కారు అధికారి వస్తే మూటలు మోయాలి, గుర్రానికి గడ్డి కోసుకు రావాలి. దొర కబురు పెడితే సొంత చేను ఎండుతున్నా వదిలి పోవాలి. కూలి ఉండదు, కాదంటే దెబ్బలు. అదే వెట్టి. ఈ ప్రాంతంలోని క్రైస్తవ సంఘాలు ఎక్కువగా ఆ మనుషుల్లోంచే పుట్టాయి. వారమంతా పిలిస్తే పోక తప్పని మనిషి ఆదివారం ఎవరూ పిలవకుండానే లేచి, గుడి ముంగిలి ఊడ్చి, నీళ్లు చల్లి వచ్చేవాడు. చేసేది రెండుచోట్లా చాకిరే. ఆ రెండింటికీ తేడా ఏమిటన్నది నన్ను ఏళ్ల తరబడి వదలని ప్రశ్న.

దేవుడు సర్వశక్తిమంతుడని నమ్ముతాం. మంచి చేయాలన్న కోరికను కూడా మనలో ఆయనే పుట్టిస్తాడని పౌలు ఫిలిప్పీయులకు రాశాడు. అలాగైతే మన సేవ మరో పెద్ద దొరకు చేసే వెట్టి అవుతుందా? పోనీ, సంకల్పం పూర్తిగా మనదే అనుకుందాం. అప్పుడు సేవంతా మన గొప్పతనమే అవుతుంది, దేవుడు మనకు బాకీ పడతాడు. మొదటి దారిలో మనిషి మిగలడు, రెండో దారిలో కృప మిగలదు.

ఇది కొత్తగా పుట్టిన చిక్కు కాదు. ఐదో శతాబ్దంలో అగస్టీను, పెలాగియస్ దీని మీదే విడిపోయారు. 1524లో ఎరాస్మస్ స్వేచ్ఛా సంకల్పాన్ని సమర్థిస్తూ రాస్తే, మరుసటి ఏడాదే లూథర్ మనిషి సంకల్పం బందీ అని జవాబు రాశాడు. మన వైపు శ్రీవైష్ణవులు కూడా ఇదే వాదం నడిపారు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి, పిల్లికూనను తల్లే నోట కరుచుకుని పోతుంది; భక్తుడు ఈ రెండింటిలో ఎవరిలాంటివాడు అన్నది వాళ్ల ప్రశ్న. తెలుగు క్రైస్తవుడికి ఈ చర్చ పరాయిది కానక్కర్లేదు.

మా ప్రాంతపు సంఘాలు ఈ వాదంలో ఒక పక్షాన పుట్టినవి. బీదర్, వికారాబాద్, జహీరాబాద్ వైపు పనిచేసింది అమెరికా మెథడిస్టు మిషన్, మెదక్ వైపు పనిచేసింది బ్రిటన్ వెస్లియన్ మిషన్. మెదక్ వాళ్లు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిశారు. మెథడిస్టులు 1981లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా స్వతంత్రులయ్యారు. రెండింటికీ మూలపురుషుడు జాన్ వెస్లీయే. కొందరిని రక్షణకు, కొందరిని నాశనానికి దేవుడు ముందే నిర్ణయించాడన్న బోధను ఆయన 1739లో బ్రిస్టల్‌లో గట్టిగా ఖండించాడు. ప్రాణమిత్రుడు జార్జ్ వైట్‌ఫీల్డ్ అవతలి పక్షం. వాదం తెగలేదు, స్నేహమూ తెగలేదు. 1770లో వైట్‌ఫీల్డ్ చనిపోతే లండన్‌లో స్మారక ప్రసంగం చేసింది వెస్లీయే.

వెస్లీ చెప్పిన మాటలో నన్ను పట్టుకున్నది ఒకటుంది. మనిషి కదలక ముందే కృప వస్తుంది, అందరికీ వస్తుంది. అది మనిషిని ఈడ్చుకుపోదు. సరే అనడానికో కాదనడానికో కావలసిన శక్తిని తిరిగి ఇస్తుంది. అంటే స్వేచ్ఛ మనకు పుట్టుకతో వచ్చిన ఆస్తి కాదు, దేవుడు చేతిలో పెట్టిన కానుక. వెట్టి చేసిన మనుషుల మనవలకు ఇది వెంటనే అర్థమవుతుంది. కాదనే వీలు దొరికిన రోజే వాళ్ల నోట ‘సరే’ అన్న మాటకు విలువ వచ్చింది.

యేసు చెప్పిన ద్రాక్షతోట కూలీల ఉపమానాన్ని నేను మా ఊళ్లో ముంబై రోడ్డు పక్కన నిలబడి చదువుకుంటాను. పొద్దున్నే అడ్డా మీద సద్దిమూటలతో జనం చేరతారు. చెరకు నరకడానికో, అల్లం తవ్వడానికో, స్లాబు పనికో బండి వచ్చి ఆగగానే గట్టివాళ్లు ముందు ఎక్కేస్తారు. పొద్దెక్కేసరికి మిగిలేది నడుం వంగిన ముసలాయన, చంకన పిల్లాడున్న తల్లి. వాళ్లకు పని చేయాలని లేదా? ఉంది, పిలిచేవాడే లేడు. ఉపమానంలో సాయంత్రం దాకా నిలబడ్డవాళ్లు చెప్పిందీ అదే. సంకల్పం ఎంతున్నా పిలుపు లేకపోతే మనిషి అడ్డా దాటలేడు. పిలుపు వచ్చాక తోటలోకి నడవాల్సింది మాత్రం అతని కాళ్లే. యజమాని రోజంతా మళ్లీ మళ్లీ అడ్డాకు రావడం కృప. పొద్దుగూకే వేళ కూడా లేచి వెళ్లడం స్వేచ్ఛ.

ఇక సేవ వెనకున్న ఉద్దేశం సంగతి. క్రైస్తవుడైన పేదవాణ్ని లోకం మొదట అడిగేది ‘ఎందుకు కలిశావు?’ అనే. బియ్యానికా, బడికా, మందుకా? 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కూలి కోసం విశ్వాసం నటిస్తారేమోనని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం అయిపోయాక కూడా జనం తగ్గలేదు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మెదక్‌లో వెస్లియన్ మిషనరీ చార్లెస్ పాస్నెట్ కరువులో జనానికి పనీ తిండీ ఇచ్చి మహాదేవాలయం కట్టించాడు. 1924 డిసెంబరు 25న దాన్ని ప్రతిష్ఠించారు. ఆకలితో రాయి ఎత్తినవాళ్లు ఎందరో, ప్రేమతో ఎత్తినవాళ్లు ఎందరో, ఎవరు విడదీయగలరు? పొద్దున ఆకలితో ఎత్తిన మనిషే సాయంత్రానికి ప్రేమతో ఎత్తి ఉండవచ్చు.

క్లౌ జాగ్రత్తను గౌరవిస్తాను. అయినా పేదవాడి ఉద్దేశాన్నే తూకం వేసే అలవాటు నాకు బాధగా ఉంటుంది. ఉన్నవాడు పరువు కోసం, పేరు కోసం, పిల్లల సంబంధాల కోసం గుడికి వస్తే ఎవరూ ఆరా తీయరు. పైగా పేదవాడు ఈ ఎంపికకు ధర కూడా చెల్లిస్తున్నాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం పుచ్చుకున్న దళితుడికి ఎస్సీ హోదా పోతుంది, మన దగ్గర బీసీ-సి కింద లెక్క. మా జహీరాబాద్ అసెంబ్లీ స్థానం ఎస్సీలకు కేటాయించినది. బాహాటంగా విశ్వాసాన్ని చెప్పుకున్నవాడు అక్కడ నామినేషన్ వేయలేడు. రాజ్యాంగం 25వ అధికరణంలో అంతరాత్మ స్వేచ్ఛ ఉంది, ఆ స్వేచ్ఛ అందరికీ ఒకే ధరకు దొరకడం లేదు. లాభం కోసం వచ్చాడని అనే ముందు అతను పోగొట్టుకున్నదేమిటో కూడా చూడాలి.

వెస్లీ జీవితమే ఈ విషయంలో నాకు ధైర్యం. ఆక్స్‌ఫర్డ్‌లో ఖైదీలను చూడబోయేవాడు, ఉపవాసాలు ఉండేవాడు, సముద్రం దాటి జార్జియాకు మిషనరీగా వెళ్లాడు. ఇదంతా 1738 మే 24న లండన్‌లో హృదయానికి నెమ్మది దొరకక ముందటి మాట. తొలినాళ్లలో ఆ పాత సేవను ఆయన లెక్కలోంచి తీసేశాడు. వయసు మీద పడ్డాక మాట మార్చుకున్నాడు. అప్పుడు తనకున్నది దాసుడి విశ్వాసమనీ, ఆ తర్వాత వచ్చింది కుమారుడి విశ్వాసమనీ అన్నాడు. భయంతో సేవించేవాణ్ని కూడా దేవుడు తోసివేయడని 1788 నాటి ప్రసంగంలో ఒప్పుకున్నాడు. దాసుడిగా వచ్చినవాడు అక్కడే ఆగిపోకూడదు, అంతే.

మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. శనివారం సాయంత్రం వచ్చి చీపురు పడుతుంది. జంపఖానాలు బయటికి తెచ్చి దులిపి, మడతలు విప్పి, అంచుకు అంచు కలిపి పరుస్తుంది. మోకాళ్లు నొప్పి చేసినప్పుడు కూర్చునే జరుపుతుంది. కొడుక్కు జ్వరం తగ్గితే ఏడాదంతా ఊడుస్తానని మొక్కుకుని మొదలుపెట్టిన పని ఇది. ఆ కొడుకు ఇప్పుడు పట్నంలో నౌకరీ చేస్తున్నాడు. మొక్కు ఎప్పుడో తీరిపోయింది కదా, ఇంకా ఎందుకని అడిగాను. “అప్పుడు మొక్కు తీర్చనీకి వచ్చిన బిడ్డా. ఇప్పుడు ఊకెనే వస్తున్న. రాబుద్ధయితది” అంది.

పౌలు ఫిలిప్పీయులకు రాసింది నాకు ఆ జవాబులో కనిపించింది. ఆ కోరికను ఆమె కష్టపడి తెచ్చుకోలేదు, ఎవరూ ఆమె మీద రుద్దలేదు. లోపల అది ఎవరు పెట్టారో ఆమెకు తెలుసు. అయినా అది పూర్తిగా ఆమె కోరికే. దేవుడి పని, మనిషి పని ఒకదాన్నొకటి తోసుకోవు. ఆయన లోపలికి వచ్చిన కొద్దీ మనిషి ఇంకా మనిషవుతాడు. దొర విషయంలో ఇది ఎన్నటికీ నిజం కాదు. దొర ఇష్టం ఎంత పెరిగితే వెట్టివాడి ఇష్టం అంత చచ్చేది. నా ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే.

అందుకే సంఘాల్లో బెదిరించి సేవ చేయించడం చూస్తే తట్టుకోలేను. దశమ భాగం ఇవ్వకపోతే శాపం తగులుతుందని, కూడికకు రాకపోతే ఇంట్లో కీడు జరుగుతుందని బోధించేవాళ్లు తాతలు దాటి వచ్చిన వెట్టిని ప్రార్థన రూపంలో మళ్లీ తెస్తున్నారు. పౌలు ఫిలేమోనుకు రాసింది ఒనేసిము అనే దాసుడి గురించి. ఆజ్ఞాపించే హక్కు ఉండి కూడా ఆజ్ఞాపించలేదు. ఆ మేలు బలవంతం మీద కాక ఇష్టంతో జరగాలని బతిమాలాడు. అపొస్తలుడే అంత వెనక్కి తగ్గినచోట మనకు బెదిరించే అధికారం ఎవరిచ్చారు?

మొక్కుతో వచ్చినవాణ్ని, ఆకలితో వచ్చినవాణ్ని, భయంతో వచ్చినవాణ్ని రానిద్దాం. ఉద్దేశం తేటపడ్డాకే సేవ మొదలుపెడతానంటే ఎవరూ మొదలుపెట్టలేరు, నేనూ మొదలుపెట్టలేను. పని చేస్తూ ఉండగానే ఉద్దేశం తేటపడుతుంది. ‘ఎందుకు చేస్తున్నావు’ అన్న ప్రశ్న ఎవరికి వాళ్లు వేసుకోవలసినదే గాని పక్కవాడి మీద వేయవలసినది కాదు. సంఘం చేయగలిగింది ఒక్కటే: వచ్చిన ప్రతి మనిషికీ కాదనే స్వేచ్ఛను కాపాడటం. అది ఉన్నచోటే సేవ నిజంగా దేవునిదవుతుంది.