క్షమింపరాని పాపము

రామకృష్ణాపూరు బొగ్గుచేత బ్రదుకు నూరు. అచ్చటివారు గనిని గని యనరు, బాయి యందురు. ఒకఁడు బాయికిఁ బోయినాఁడన్నచో నీళ్లు తోడుటకుఁ బోయినాఁడని ఆ ప్రాంతమున నెవరును దలఁపరు. అట్టి బాయిలో ముప్పదేండ్లకుఁ బైగా పనిచేసి విరమించిన పెద్ద యొకరు మాకుఁ జిరపరిచితులు. క్రైస్తవులు, ఆదివారము తప్పక గుడికిఁ బోవువారు. ఒకనాఁటి సాయంకాలము ఇంటివారెవరును దగ్గఱ లేని సమయము చూచి, గొంతు తగ్గించి, "సారూ, మాఫీ లేని పాపమొకటి ఉన్నదట, నిజమేనా?" అని మమ్మడిగిరి.

కారణమేమని విచారింపఁగా, కొలఁది దినముల క్రిందట జరిగిన ఉజ్జీవకూటములలో ఒక బోధకుఁడు పరిశుద్ధాత్మ దూషణమును గూర్చి ప్రసంగించెనట. అది విన్నది మొదలు ఈయనకు నిద్ర లేదు. యౌవనమున త్రాగియున్న వేళ, ప్రక్కయింటి రోగియైన బిడ్డకు కొందఱు ప్రార్థన చేయఁగా జ్వరము తగ్గినదని విని, "అది దేవుని పని కాదు, దయ్యము పని" అని ఈయన నవ్వెనట. నలువది యేండ్ల నాఁటి మాట. ఆ మాటయే నరకమునకుఁ దన పేర వ్రాసిన పత్రమని ఈయన నమ్మకము.

మేము క్రైస్తవులము కాము. అయినను ఒక మనుష్యుని నిద్ర చెఱచిన ప్రశ్న యే మతమునుండి వచ్చినను విచారింపఁదగినదే. కావున ఆయన గ్రంథమునే ఆయన యెదుట విప్పి కూర్చుంటిమి.

ఈ ప్రసంగము మత్తయి సువార్త 12వ అధ్యాయమునను, మార్కు 3వ అధ్యాయమునను ఉన్నది. లూకా 12వ అధ్యాయమున సంగ్రహముగా నున్నది. గ్రుడ్డివాఁడును మూగవాఁడును నైన యొకనిని యేసు స్వస్థపఱచెను. పరిసయ్యులు ఆ సంగతి నెఱిఁగియు, బయెల్జెబూలను దయ్యముల యధిపతి బలముచేత ఇతఁడిట్లు చేయుచున్నాఁడనిరి. అప్పు డేసు, మనుష్యుల పాపములన్నియు, తన్ను నిందించిన మాటలు సైతము, క్షమింపఁబడుననియు, ఆత్మను దూషించుట మాత్రము క్షమింపఁబడదనియుఁ జెప్పెను. మార్కు ఈ మాట వెంటనే కారణమును జేర్చినాఁడు: వారు ఆయనకు అపవిత్రాత్మ పట్టినదని చెప్పుచుండిరి గనుక, అని. ఈ కారణవాక్యమును విడిచి తక్కిన భాగమును మాత్రము కూటములలో ఉఱుములవలె వినిపించు బోధకులు తమ శ్రోతలకు అన్యాయము చేయుచున్నారని మా యభిప్రాయము.

ఈ మాట యెవరితోఁ జెప్పఁబడినది? పాపభీతిచే వణకుచున్న వారితోఁ గాదు. మేలును కన్నులార చూచియు, ఆ మేలును ఒప్పుకొన్నచోఁ దమ పెద్దఱికము పోవునని దానిని కీడని సాధించువారితో. అది నోరు జాఱిన దోషము కాదు, కంటిని బుద్ధిపూర్వకముగా మూసికొనుట. వెలుఁగునే చీఁకటి యనుట కలవాటుపడినవానికి ఇఁక దారి చూపఁగల దేది? క్షమించువాఁడు లేక కాదు, క్షమాపణ వేఁడు బుద్ధి వానియందు మిగులనందున ఆ పాపము నిలిచిపోవును. అయిదవ శతాబ్దమునాఁటి అగస్టీనుఁడు ఈ వాక్యమును మిక్కిలి కష్టమైన వానిలో నొకటిగా నెంచి, తుదకు మరణపర్యంతము మాఱుమనస్సు నొందకుండుటయే ఆ పాపమని నిర్ణయించెను. హెబ్రీయులకు వ్రాసిన పత్రికయందును, యోహాను మొదటి పత్రికయందును ఇంతకంటె కఠినములుగాఁ గనఁబడు వాక్యములున్నవి. వాని వివాదములోనికి ఇచ్చట దిగము.

ఈ భయము రామకృష్ణాపూరులోఁ బుట్టినది కాదు. ఆంగ్లదేశమున జాన్ బన్యన్ అను బోధకుఁడు, గిన్నెలకు మాట్లువేసి బ్రదికినవాఁడు, 1666లో ప్రకటించిన తన యాత్మకథలో ఇదే భయముతో తాను పడిన యాతనను వర్ణించినాఁడు. తాళలేక యొక వృద్ధభక్తుని కడకుఁ బోయి, ఆ పాపము నేను చేసితినని నాకు భయముగా నున్నదని చెప్పఁగా, ఆ వృద్ధుఁడు తనకును అట్లే తోఁచుచున్నదని బదులు చెప్పెనట! పుండుపై కారము చల్లు పెద్దలు అన్ని దేశములయందును ఉన్నారు.

అంతకు బహుపూర్వము, 250వ సంవత్సరమున, రోమను చక్రవర్తి డేసియసు ప్రజలందఱును దేవతలకు బలి యర్పించి ధ్రువపత్రము పొందవలెనని శాసించెను. అట్టి పత్రములు కొన్ని ఐగుప్తదేశమున దొరకినవి. క్రైస్తవులలో ననేకులు ప్రాణభీతిచే బలి యిచ్చిరి. కొందఱు బలి యీయకయే లంచమిచ్చి పత్రము సంపాదించిరి. (ఈ విద్య మన కాలమునఁ బుట్టినది కాదన్నమాట.) హింస చల్లాఱిన పిమ్మట వీరందఱు ఏడ్చుచు మరల వచ్చిరి. రోమునందలి నోవేషియనుఁడు వీరిని సంఘము మరల చేర్చుకొనరాదనెను. కార్తేజి బిషపైన సిప్రియనుఁడు పశ్చాత్తాపమును పరీక్షించి చేర్చుకొనవలెననెను. కాని, చెఱసాలలో ధైర్యముగా నిలిచినవారు కొందఱు తప్పినవారికి క్షమాపణపత్రములు ఉదారముగాఁ బంచుచుండఁగా, ఆ చౌకతనమును గూడ నాయన యొప్పుకొనలేదు. తలుపు మూయుటయు, తలుపే లేకుండఁ జేయుటయు రెండును ఆయనకు సమ్మతములు కావు. ఈయన మార్గమే మాకు న్యాయముగాఁ దోఁచుచున్నది.

తెలంగాణమునందు ఈ మతమును స్వీకరించిన వారిలో ఎక్కువమంది మాల మాదిగలు. 1912లో ఆజరయ్యగారు దోర్నకల్లునకు బిషపై, ఆంగ్లికను సంఘమున ఆ పదవి నొందిన మొదటి భారతీయులైరి. 1924లో మెదకు గుడి ప్రతిష్ఠింపఁబడినది. ఆ కాలమున ఆ గుడుల గడప యెక్కినవారికి గ్రామము అంతవఱకు నేర్పిన పాఠమేమి? మీ పుట్టుకయే పూర్వజన్మ పాపఫలము, చేసికొన్నవారికి చేసికొన్నంత, అని. చేయని పాపమునకు శిక్ష ననుభవించుచున్నవారికి, పాపము క్షమింపఁబడునను మాట యెంత గొప్ప మాటయై యుండునో ఊహింపుఁడు. వారి మనుమలకు నేఁడు క్షమాపణకంటె క్షమింపరాని దానినే యెక్కువగా బోధించుట మాకు మిక్కిలి బాధాకరముగా నున్నది.

ఇదంతయు ఆ పెద్దకుఁ జెప్పితిమి. భయపడుచున్నావు గనుకనే నీ వాపాపము చేయలేదంటిమి. ఆయన తల యూఁచిరి. ముఖము మాత్రము తేటపడలేదు. మా పాండిత్యము వ్యర్థమైనదేమో యని మాకుఁ గొంచెము చిన్నతనముగా నుండెను.

వారము దినములకు మరల పిలిపించిరి. ఈ మాఱు దూషణము మాట యెత్తలేదు. పూర్వము వేఱొక యూరి బాయిలో ఈయన పనిచేయు కాలమున, టబ్బుల లెక్కను కూలి. బొగ్గు నింపుటకు ముందు పైకప్పును కఱ్ఱతోఁ దట్టి చూతురు. గట్టిదైనచో ఖంగున మ్రోఁగును, విడిపోయినదైనచో బోలుగాఁ బలుకును. ఆనాఁడు కప్పు బోలుగాఁ బలికెను. చెప్పినచో పని నిలిచిపోవును, టబ్బులు తగ్గును. ఈయన చెప్పలేదు. జతగాఁడు లోపలికిఁ బోయెను, కప్పు కూలెను. విచారణకు వచ్చినవారితో ఈయన, "తట్టిన, గట్టిగనే పలికింది" అని చెప్పిరి. జతగాని భార్య నాఁటినుండి ఈయనను అన్నా యనియే పిలుచుచున్నదట.

ఇది విన్నప్పుడు మాకొకటి స్పష్టమైనది. నలువది యేండ్లుగా ఈయనను దినుచున్నది కప్పు చేసిన చప్పుడు. త్రాగి పలికిన మాట దానిమీఁద కప్పిన గుడ్డ. దేవుని కెదురుగాఁ జేసిన పాపమునకు భయపడుట కష్టమైనను గౌరవమైనదే. ఒక విధవరాలి వాకిట నిలిచి నిజము చెప్పుట అంతకంటె కష్టము.

తెలుఁగు బైబిలులో ప్రభువు నేర్పిన ప్రార్థన మత్తయి పాఠమున పాపమను మాటకు మాఱుగా ఋణమను మాటయే వాడఁబడినది. ఈయన మమ్మడిగినదియు మాఫీయే. బాకీ మాఫీ యగునని వినఁగానే, ఆ బాకీ యెవరికో మఱచిపోవు గుణము మనకందఱకును ఉన్నది. దేవునికిఁ జెల్లవలసినదానిని దేవుఁడు కొట్టివేయవచ్చును. జతగాని భార్యకుఁ జెల్లవలసినది ఆమె లెక్కలో నుండును. ఆ గ్రంథము దీనిని దాఁచలేదు. మత్తయి 5వ అధ్యాయమున, బలిపీఠము కడకు అర్పణము తెచ్చినవాఁడు తనమీఁద సహోదరునికి వ్యాజ్యమున్నదని జ్ఞప్తికి వచ్చినచో, అర్పణమును అచ్చటనే విడిచి మొదట సమాధానపడిరమ్మని యున్నది. జక్కయ్య యను సుంకరి అన్యాయముగాఁ దీసికొన్నదానికి నాలుగంతలు మరల నిచ్చెదననెను.

చచ్చినవాని మాట యేమి? 2003 జూన్ నెలలో గోదావరిఖనిలోని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు ముంచుకొనివచ్చి 17 మంది మరణించిరి. అట్టి మృతుల పక్షమున క్షమించు నధికారము బ్రదికియున్న యే మనుష్యునికిని లేదు. 1999లో ఒడిశాలో గ్రాహం స్టెయిన్సు దొరను, ఆయన యిద్దఱు కుమారులను దహించినవారిని ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్సుగారు క్షమించితిననిరి. ఆమె విడిచినది తన పగను. రాజ్యము విచారణను విడువలేదు, ప్రధాన దోషికి విధించిన యావజ్జీవశిక్షను 2011లో సుప్రీముకోర్టు స్థిరపఱచినది. క్షమయు న్యాయమును ఒకచోట నుండఁగలవనుటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు. క్షమ యనుమాటకు సంస్కృతమున భూమి యనియు నర్థము గలదు. భూమిక్రింద బ్రదికినవారితో ఆ మాట యనుటకు మాకు నోరు రాలేదు.

పెద్ద గోదావరి యొడ్డున నున్న ఆమె పల్లెకుఁ బోయి వచ్చిరి. ఏమైనదని యడిగితిమి. ఆమె యేడువలేదట, తిట్టలేదట. చాలసే పూరకుండి, "అన్నా, గీ ముచ్చట నా కొడుకు ముందట చెప్పు" అన్నదట. తండ్రి పోవునప్పటికి చంటివాఁడైన ఆ కొడుకు ఇప్పుడు బాయిలోనే పనిచేయుచున్నాఁడు. వానికి ఆదివారము తప్ప సెలవు లేదు. ఆదివారము ఈయన గుడికిఁ బోవలెను; అది ప్రభురాత్రి భోజన సంస్కారము జరుగు ఆదివారము కూడ. "సారూ, ఏది ముందు?" అని అడిగిరి. మత్తయి 5వ అధ్యాయమును మరల విప్పి ఆయన చేతికిచ్చితిమి.