పక్షాభిమానము – సమదృష్టి

తాను కోరి యెన్నుకొనక, కేవలము యాదృచ్ఛికముగా లభించిన దానియెడ మానవునకు కలుగు ప్రేమ సత్యమైన ప్రేమ యగునా యనునది తత్త్వవేత్తలు చిరకాలముగా విచారించుచున్న ప్రశ్న. పుట్టిన కులము, పలికెడి భాష, కొలిచెడి దైవము, వీనిలో నేదియు మనము వెదకి తెచ్చుకొన్నది కాదు; అయినను వానికొరకు ప్రాణములిచ్చువారు కలరు, ప్రాణములు తీయువారును కలరు. ఇంత గంభీరమైన ప్రశ్నకు సమాధానము వెదకుచు నేను పాఠశాలలయందు పిల్లలను పక్షములుగా విభజించు హౌసుల పద్ధతిని ఆశ్రయించుటకు కారణము కలదు. పెద్దల లోకములో తరతరముల పొరలక్రింద మరుగుపడిన అభిమానబీజము పిల్లల లోకములో మన కన్నులయెదుటనే మొలకెత్తుచుండును.

ఆంగ్లదేశపు వసతి పాఠశాలలలో విద్యార్థులు వేరువేరు గృహములయందు, ఒక్కొక్క ఉపాధ్యాయుని పెత్తనముక్రింద నివసించుచుండుటచే ఈ పద్ధతి యేర్పడినది. పగటి పాఠశాలలకు వచ్చునప్పటికి గోడలు పోయి పేరు మాత్రము నిలిచినది. బదిలీలుగల కేంద్రప్రభుత్వోద్యోగుల బిడ్డల చదువు చెడకుండుటకై 1963లో నెలకొనిన కేంద్రీయ విద్యాలయములలో శివాజీ, టాగూరు, అశోక, రామన్ అను నాలుగు హౌసులు ప్రసిద్ధములు. విశాఖపట్టణమున నౌకాదళపు నివాసములచెంతను, ఉక్కునగరమునందును గల విద్యాలయములలో క్రొత్తగా చేరిన బిడ్డకు హాజరుపట్టీలోని వరుసయో, ఉపాధ్యాయుని చిత్తమో ఒక హౌసును నిర్ణయించును. అది మొదలుకొని, ప్రార్థనసభ నడపు వంతు వచ్చినప్పుడు వార్తలు చదువుటలోను, ఆటల పోటీలనాడు మార్చ్‌పాస్టులో అడుగు కలుపుటలోను ఆ బిడ్డ ఆ పేరుగలవాడే. రిలే పందెమున కడపటి మలుపువద్ద తన హౌసువాని చేతినుండి బ్యాటన్ జారిపడగా, ఆ పరుగెత్తువారిలో నొక్కనితోనైన ఏనాడును మాటాడి యెరుగని ఆరవ తరగతి పిల్లవాడు సున్నపుగీత యంచున నిలిచి కన్నీరు పెట్టుకొనును. హాజరుపట్టీ వరుసలో ఒక్క యంకె తారుమారైనచో ఆ పిల్లవాడే ఆ క్షణమున చప్పట్లు చరచుచుండెడివాడు. అంతమాత్రముచే ఆ కన్నీరు అసత్యమని యనగలమా?

అనజాలము. నావికుడైన తండ్రికి కొచ్చినుండి విశాఖకు బదిలీ యగును; అచ్చట అశోక హౌసుకొరకు గొంతు బొంగురుపోవునట్లు కేకలు వేసిన బాలిక ఇచ్చట రామన్ హౌసులో చేర్పబడును. కొన్నాళ్లు అశోక హౌసు గెలిచినప్పుడెల్ల ఆమె మనస్సు అటు లాగును. పిమ్మట మెల్లమెల్లగా రామన్ హౌసే తనదగును. వేదాంతులు దీర్ఘసాధనచే గ్రహింపగోరు విషయము ఆ బాలికకు పదియేండ్లకే అనుభవమున తెలిసినది: పేరు ఉపాధి మాత్రమే, అది మారును, ప్రేమించు శక్తి మారదు, అది ఆత్మధర్మము.

పేర్లు మారునవే యైనచో పక్షములు లేకుండ సర్వసమత్వమునే బోధింపరాదా యని కొందరందురు. పదిమందితో కట్టుబడి నిలువ నెరుగనివాని విశ్వప్రేమ పెదవులు దాటి రాదని నా విశ్వాసము. విశాఖలో ఉక్కు కర్మాగారము నెలకొల్పవలెనని 1966లో సాగిన ఉద్యమమున 32 మంది ప్రాణములు కోల్పోయిరి. ఆ కర్మాగారమున తమకు లభించు ఫలమేమని వారు లెక్క చూచుకొనలేదు; ఆంధ్రుల హక్కు అనిన మాటయే వారికి చాలినది. స్వలాభమును దాటించు వంతెన అభిమానమే. ఆ త్యాగఫలముగా వెలసిన ఉక్కునగరమున నేడు హౌసుల పిల్లలు ఆడుకొనుచున్నారు.

అభిమానము దిగజారు స్థలము ఒక్కటి కలదు: మనవారి గెలుపుకన్న ఎదుటివారి ఓటమి మధురముగా తోచు స్థలము. ఆ హౌసులలో నొకదానికి పేరిచ్చిన అశోకుడే దీనికి హెచ్చరిక చేసినాడు. ఈ విశాఖ తీరము ప్రాచీన కళింగములోనిది. ఆ కళింగమును జయించి, జయమే తనకు దుఃఖకారణము కాగా ధర్మమునకు మరలిన చక్రవర్తి యతడు. కర్నూలు సీమలోని ఎఱ్ఱగుడి శిలలపైగల అతని 14 ధర్మశాసనములలో 12వదాని తాత్పర్యమేమన, స్వమతాభిమానముచే పరమతమును నిందించువాడు తన మతమునకే హాని చేయుచున్నాడని. హౌసు మాస్టరులు బోర్డుపై మార్కులు వేయుటకు ముందు ఈ శాసనమును పిల్లలకు వివరింపవలెను. ఓడినవానిని వెక్కిరించిన కేకను చూచీచూడనట్లు విడుచుట ఆ హౌసుకే ద్రోహము.

తక్కిన హౌసుల పేర్లుగూడ ఇదే బోధించుచున్నవి: మహనీయులు ఒక్క పక్షమునకే చెందినవారు కారు. రామన్ బాల్యమున విశాఖ నగరపు సెంట్ అలోషియస్ పాఠశాలలో చదివెను; టాగూరు 1933లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున మానవుని గూర్చి ఉపన్యసించెను; శివాజీ 1677లో శ్రీశైలమును దర్శించెను. టాగూరు హౌసు బాలునకు రామన్ కనుగొనిన కాంతితత్త్వముపై హక్కు లేదని యెవరనగలరు?

విశాఖ రేవు ముఖద్వారమున వేంకటేశ్వరుని కొండ, దర్గా కొండ, మేరీమాత కోవెలగల రాస్ కొండ ఇరుగుపొరుగున నున్నవి. ఏ కొండ మెట్లెక్కువాడైనను, తాను ప్రక్కయింట పుట్టినచో ప్రక్కకొండ నెక్కెడివాడనని తలచిననాడు అతని భక్తి తగ్గదు, అతని అహంకారము తగ్గును. పుస్తకములవలన పెద్దలకు ఎంతో ఆలస్యముగా పట్టువడు ఈ వివేకమును ఆటస్థలమునందే అలవరుపగల అవకాశము మన పాఠశాలల చేతిలో కలదు. యాదృచ్ఛికముగా లభించినను ప్రేమ ప్రేమయే. ఎదుటివాని గుండెలోను అట్టిదే కలదని యెరిగి గౌరవించినప్పుడు అది ధర్మమగును.