కుచేలుడు దాచుకున్న అటుకుల మూట

 

ఈ మధ్య మన యువతరం నోట తరచుగా వినిపిస్తున్న మాటలు మూడున్నాయి. "ఆ ఫంక్షన్‌కి రాలేనురా, వేసుకోవడానికి సరైన డ్రెస్ లేదు." "ఇంటికి భోజనానికి పిలవాలనే ఉంది, కానీ నాకు పప్పు, చారు తప్ప ఏమీ రావు." "ఫ్లాట్ ఇంకా సెట్ అవ్వలేదు, సోఫా కొన్నాక పిలుస్తాం." సోఫా వస్తుంది. ఆ తర్వాత కర్టెన్లు మిగిలిపోతాయి. కర్టెన్లు కూడా వస్తాయి. పిలుపు మాత్రం వాయిదా పడుతూనే ఉంటుంది. ఈలోగా చిన్ననాటి స్నేహితుడు అదే ఊళ్లో, నాలుగు మెట్రో స్టేషన్ల అవతల ఒక్కడే కూర్చుని ఫోన్‌లో ఆర్డర్ పెట్టుకుని తింటూ ఉంటాడు.

బట్ట, తిండి, ఇల్లు. ఈ మూడింటి గురించి మనకున్న మొహమాటం మీద భాగవతంలో ఒక కథ ఉంది. దశమ స్కంధంలోని కుచేలోపాఖ్యానం. మనందరికీ చిన్నప్పటి నుంచి తెలిసిన కథే. అయితే ఈసారి దాన్ని సంపద వచ్చిన కథగా కాకుండా, సిగ్గుపడి దాచుకున్న ఒక మూట కథగా చూద్దాం.

పేరులోనే పాత బట్ట

'చేలం' అంటే వస్త్రం. కుచేలుడు అంటే చిరిగిన, నాసి బట్ట కట్టుకున్నవాడు అని అర్థం. సంస్కృత భాగవతంలో ఆయన్ని ఒక బ్రాహ్మణుడు అనే చెప్పారు. కట్టుకున్న బట్టను బట్టి చేసిన వర్ణనే మన తెలుగువాళ్లకి పేరైపోయింది. ఉత్తరాదిన ఆయన్నే సుదాముడు అంటారు.

ఒక్కసారి ఆలోచించండి. మనిషిని బట్టను బట్టి గుర్తుపట్టడం లోకం తీరు. ద్వారకలోనూ అదే జరిగింది. అంతఃపుర స్త్రీలు ఆయన వాలకం చూసి, ఇతను ఏ పుణ్యం చేశాడో, స్వామి ఇంతగా గౌరవిస్తున్నాడు అని ఆశ్చర్యపోయారు. కృష్ణుడు మాత్రం ఆ బట్ట వైపు చూడనేలేదు. రుక్మిణీదేవితో పాన్పు మీద కూర్చున్నవాడు, దూరం నుంచే మిత్రుణ్ణి గుర్తుపట్టి, లేచి, ఎదురెళ్లి కౌగిలించుకున్నాడు. కళ్లు చెమర్చాయి.

మరి ఎలా తయారైనా పర్వాలేదా? అలా కాదు. భగవద్గీత 13వ అధ్యాయంలో జ్ఞానలక్షణాలు చెప్పినప్పుడు, 16వ అధ్యాయంలో దైవీ సంపద చెప్పినప్పుడు, రెండుచోట్లా 'శౌచం' ఉంది. అంటే శుభ్రత. లోపలిదీ, బయటిదీ. ఖరీదు, కొత్తదనం మాత్రం ఆ జాబితాల్లో లేవు. ఉతికి, గంజి పెట్టి, మడత నలగకుండా కట్టుకున్న మంగళగిరి నూలు చీర ఎన్నో ఏళ్లదైనా నిండుగానే ఉంటుంది. శుభ్రమైన ఒక కుర్తా, దువ్వుకున్న తల, నుదుట బొట్టు, ముఖాన నవ్వు. ఇది చాలు. మిమ్మల్ని ప్రేమించేవాళ్లు పోయినసారి కూడా ఇదే వేసుకున్నారని లెక్కపెట్టరు. లెక్కపెట్టేవాళ్ల కోసం అప్పు చేసి కొనుక్కోనక్కర్లేదు.

పూజ అంటే అతిథి మర్యాదే

లోపలికి తీసుకెళ్లి కృష్ణుడు ఏం చేశాడు? తన పాన్పు మీదే కూర్చోబెట్టాడు. తన చేతులతో కాళ్లు కడిగాడు. ఆ నీళ్లు తన తల మీద చల్లుకున్నాడు. గంధం పూశాడు. రుక్మిణీదేవి స్వయంగా వింజామర వీచింది.

ఇప్పుడు మనం ఇంట్లో చేసే షోడశోపచార పూజ గుర్తుచేసుకోండి. ఆవాహనం అంటే రమ్మని పిలవడం. ఆసనం అంటే కూర్చోబెట్టడం. పాద్యం, అర్ఘ్యం అంటే కాళ్లకీ చేతులకీ నీళ్లివ్వడం. ఆచమనీయం అంటే నోటికి నీళ్లు. ఆ తర్వాత వస్త్రం, గంధం, పుష్పం, నైవేద్యం. చివర్లో తాంబూలం. ఇవన్నీ ఇంటికొచ్చిన మనిషికి చేసే మర్యాదలే కదా! దేవుణ్ణి ఎలా పూజించాలంటే, ఇంటికొచ్చిన ఆత్మీయుణ్ణి చూసుకున్నట్టు చూసుకో అన్నారు పెద్దలు. తైత్తిరీయోపనిషత్తు అదే మాటను రెండోవైపు నుంచి చెప్పింది, వచ్చిన అతిథిని దేవుడిగా చూడమని. అదే ఉపనిషత్తు ఆశ్రయం కోరి వచ్చినవాణ్ణి తిప్పి పంపకూడదని, దాన్ని ఒక వ్రతంగా పెట్టుకోమని కూడా చెబుతుంది.

ఈ ఉపచారాల్లో సోఫా సెట్ ఎక్కడా లేదండి. ఆసనం ఉంది. అది చాప కావచ్చు, దుప్పటి పరిచిన పరుపు కావచ్చు, ప్లాస్టిక్ కుర్చీ కావచ్చు. గుమ్మం ముందు ఊడ్చి వేసిన చిన్న ముగ్గు, చెప్పులు విడవడానికి కాస్త చోటు, రాగానే చేతికిచ్చే మంచినీళ్ల గ్లాసు, శుభ్రంగా ఉన్న బాత్రూమ్, పెద్దవాళ్లు వస్తే వీపు ఆనించుకోవడానికి ఒక దిండు. వన్ బీహెచ్‌కే ఇంట్లోనైనా ఇవన్నీ కుదురుతాయి. వచ్చినవాళ్లు కూర్చున్నాక టీవీ ఆపేసి, ఫోన్ పక్కన పెడితే, ఈ కాలంలో అంతకు మించిన అర్ఘ్యపాద్యాలు లేవు.

ఇంకో సంగతి గమనించారా? కాళ్లు కడిగింది ఎవరు? ఇంటి యజమాని. ఎనిమిది మంది పట్టమహిషులు, లెక్కలేనంత మంది సేవకులు ఉన్న ద్వారకాధీశుడు తనే వంగి కడిగాడు. ఆతిథ్యం పుణ్యమని ఆ బరువంతా వంటింట్లో ఒక్క ఆడమనిషి నెత్తిన పెట్టి, మగవాళ్లు హాల్లో కబుర్లు చెప్పుకుంటే అది కృష్ణుడు చూపించిన పద్ధతి కాదు. కూరలు తరగడంలో, వడ్డించడంలో, తర్వాత గిన్నెలు కడగడంలో కూడా వాటా తీసుకోండి. పుణ్యమూ పంచుకోవచ్చు.

ఇక ఆ మూట

కథలో అసలు ఘట్టం ఇప్పుడొస్తుంది. గురుకులంలో సాందీపని దగ్గర చదువుకున్న రోజులు, కట్టెల కోసం వెళ్లి గాలివానలో అడవిలో చిక్కుకుపోయిన రాత్రి, అన్నీ చెప్పుకున్నాక కృష్ణుడు నవ్వుతూ అడిగాడు, నా కోసం ఇంటి నుంచి ఏం తెచ్చావని.

తెచ్చింది నాలుగు గుప్పెళ్ల అటుకులు. అవి కూడా ఇంట్లో లేక, ఆయన భార్య ఇరుగుపొరుగు ఇళ్లలో అడిగి, పాత గుడ్డలో మూటగట్టి ఇచ్చినవి. తను పస్తున్నా, భర్తను స్నేహితుడి ఇంటికి ఉత్తచేతులతో పంపని ఇల్లాలు ఆమె. కానీ ఆ బంగారు మేడలో, లక్ష్మీదేవి పక్కన నిలబడి, కుచేలుడికి ఆ మూట చాలా చిన్నదిగా కనిపించింది. ఇవ్వలేకపోయాడు. తల వంచుకున్నాడు.

అక్కడ ఆగి ఆలోచించండి. అంత దూరం నడిచి వచ్చిన మనిషి, ప్రాణమిత్రుడి ఎదురుగా కూర్చుని, ఇవ్వాల్సింది ఇవ్వకుండానే తిరిగి వెళ్లిపోయేవాడు. ఆయన్ని ఆపింది పేదరికం కాదు, సిగ్గు. పేదరికం ఆయన్ని ద్వారక దాకా రానిచ్చింది. సిగ్గు చేయి చాపనివ్వలేదు.

మన మూటలూ అంతే. "నా పప్పు, చారు వాళ్లకేం నచ్చుతాయిలే" అని మనం దాచుకుంటాం. దాచుకున్నప్పుడు మనకొక్కళ్లకే నష్టం అనుకుంటాం. కానీ అవతల దాని కోసమే ఎదురుచూస్తున్న మనిషి కూడా పస్తుంటాడు.

కృష్ణుడు ఏం చేశాడు? తనే ఆ మూట లాక్కున్నాడు. ఇదేమిటి, నాకెంతో ఇష్టమైనది తెచ్చావే అని విప్పి, ఒక గుప్పెడు నోట్లో వేసుకున్నాడు. రెండో గుప్పెడు తీయబోతే రుక్మిణీదేవి చేయి పట్టుకుంది, ఇది చాలునని. ఆకో, పువ్వో, పండో, కాసిన్ని నీళ్లో భక్తితో ఇస్తే తింటానని గీతలో చెప్పినవాడు, ఇక్కడ తిని చూపించాడు. హస్తినాపురంలోనూ అంతే. రాయబారానికి వెళ్లినప్పుడు దుర్యోధనుడి విందు కాదని విదురుడి ఇంట భోజనం చేశాడు. ప్రేమ లేని చోట పంచభక్ష్యాలు కూడా ఆయనకు రుచించలేదు.

మన గోదావరి గట్టున

ఇదంతా ద్వాపరయుగం ముచ్చట అనుకోకండి. కోనసీమలో లంకల గన్నవరం అనే ఊళ్లో డొక్కా సీతమ్మ గారని ఉండేవారు. 1841లో పుట్టి 1909లో కాలం చేశారు. గోదావరి పాయ దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా చూడకుండా, కులం అడగకుండా అన్నం పెట్టిన తల్లి. ఒకసారి ఆవిడ అంతర్వేది యాత్రకు బయల్దేరారట. దారిలో ఎవరో ఆకలితో ఉన్నవాళ్లు, ఇంకాస్త ఓర్చుకుంటే సీతమ్మ గారి ఇల్లు వస్తుంది, అన్నం దొరుకుతుంది అని పిల్లలకు సర్దిచెప్పడం విన్నారట. అంతే, యాత్ర మానుకుని వాళ్లకంటే ముందు ఇల్లు చేరడానికి వెనక్కి తిరిగారని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆవిడ పేరు 2024లో ఆంధ్రప్రదేశ్ బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి పెట్టారు. ఆ ఇంట్లో ఏ సామాన్లు ఉండేవో ఎవరికీ గుర్తు లేదు. అన్నం గుర్తుంది.

ఈ వారం ఒక చిన్న నియమం

ఈ వారం ఒక్కరిని ఇంటికి పిలవండి. ఒక్కరే చాలు. కొత్తగా ఉద్యోగానికి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్ల కావచ్చు, పై ఫ్లోర్‌లో ఒంటరిగా ఉండే పెద్దాయన కావచ్చు.

ఏం పెట్టాలి? వేడివేడి అన్నం, ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ, చారు, పెరుగు. దీనికి వంక పెట్టే తెలుగువాళ్లు ఉంటారా? అంత వంట రాకపోతే అటుకులే చేయండి. రెండు కప్పుల మందపాటి అటుకులు చిల్లుల గిన్నెలో కడిగి, నీళ్లు ఓడ్చి, ఐదు నిమిషాలు వదిలేయండి. మెత్తబడ్డాక ముప్పావు కప్పు బెల్లం తురుము, అరకప్పు పచ్చికొబ్బరి, చిటికెడు యాలకుల పొడి, ఒక చెంచా నెయ్యి వేసి కలపండి. స్టవ్ వెలిగించే పనే లేదు. కృష్ణుడి పటం ముందు నైవేద్యం పెట్టి, వచ్చినవాళ్లతో కలిసి కూర్చుని తినండి.

రెండు జాగ్రత్తలు. 'అప్పు చేసి పప్పుకూడు' వద్దు. ఉన్నదాంట్లోనే పెట్టండి. ఇంకోటి, వడ్డిస్తూ "ఏదో చేశానండీ, బాగుండదేమో" అని అనకండి. ఆ మాట కుచేలుడు వంచిన తలలాంటిది. నవ్వుతూ వడ్డించండి, అంతే.

ఇక మీరే ఇంకొకరి ఇంటికి వెళ్లినప్పుడు, వాళ్లు మొహమాటంతో ఏదైనా దాచుకుంటున్నారని తెలిస్తే, కృష్ణుడిలా చొరవ తీసుకోండి. "పిన్నిగారూ, మీ చారు వాసన గుమ్మం దాకా వచ్చేసింది, నాకు గ్లాసులో పోసివ్వండి" అని అడగండి. తిన్నాక ఇంకొంచెం అడగండి. ఇవ్వడం ఎంత పుణ్యమో, ప్రేమగా అడిగి పుచ్చుకోవడమూ అంతే పుణ్యం.

కుచేలుడు ద్వారకలో ఏమీ అడగలేదు. ఇంటికొచ్చి సంపద చూశాక కూడా దానికి అంటుకోకుండా, స్వామిని తలుచుకుంటూనే బతికాడని భాగవతం చెబుతుంది. ఆయనకు దక్కిన అసలు వరం మేడ కాదు. తన చిరుగు మూట విప్పి, ఇష్టంగా తిన్న స్నేహితుడు.

మీ ఇంటి గుమ్మం దాటి వచ్చే ప్రతి ఒక్కరిలో ఆ స్నేహితుడు కనిపించాలని కోరుకుంటూ...

శ్రీకృష్ణార్పణమస్తు.